కోరలు ఎవరివి, భయం ఎవరిది: తక్కువ బడ్జెట్ రక్తపిశాచి సినిమాల్లో ప్రాతినిధ్యం

భయానక చిత్రాల్లో కనిపించే వికృత జీవులన్నింటిలోనూ నిర్మాతకు అతి తక్కువ ఖర్చుతో దొరికేది రక్తపిశాచి. సముద్రంలోంచి లేచివచ్చే మహాజంతువును చూపాలంటే బొమ్మ చేయించాలి, తోడేలుగా మారే మనిషిని చూపాలంటే గంటల తరబడి మేకప్ వేయాలి, దయ్యాలకొంపను చూపాలంటే తలుపులూ కుర్చీలూ వాటంతటవే కదిలే ఏర్పాటు చేయాలి. రక్తపిశాచికి ఇవేవీ అక్కరలేదు. ఒక జత కోరలు, చిక్కటి ఎర్రరంగు ద్రవం కొంచెం, చీకటి పడ్డాక ఖాళీగా దొరికే వీధి ఒకటి ఉంటే చాలు. మిగిలిన భారమంతా నటుడి ముఖం, నడక, గొంతు మోస్తాయి. డబ్బులేని సినిమాలో ఆ ముఖమే స్పెషల్ ఎఫెక్ట్. కనుక ఆ ముఖం ఏ రంగుది, ఆడదా మగదా, ఏ యాసలో మాట్లాడుతుంది అన్నవి ఈ రకం సినిమాల్లో కేవలం నటీనటుల ఎంపికకు సంబంధించిన ప్రశ్నలుగా మిగలవు. అవి కథ అర్థాన్నే మార్చేస్తాయి.

సినిమాల్లో వైవిధ్యం గురించి చర్చ వచ్చినప్పుడు సాధారణంగా జరిగేది తలల లెక్క: నల్లజాతివారు ఎందరు, స్త్రీలు ఎందరు, స్వలింగ ప్రేమికులు ఎందరు, వారిలో చివరిదాకా బతికినవారెవరు. ఆ లెక్క అవసరమే. కానీ రక్తపిశాచి సినిమా దగ్గరికి వచ్చేసరికి అది తడబడుతుంది, ఎందుకంటే ఇక్కడ కథకు కేంద్రంగా నిలిచేది రాక్షసుడే. ప్రేక్షకుడు భయపడేదీ, ఆకర్షణలో పడేదీ, చివరికి జాలిపడేదీ అతని మీదే. వివక్షకు గురైన సమూహం నుంచి వచ్చిన నటుడికి ఆ పాత్ర ఇస్తే అది ఆ సమూహానికి దక్కిన కేంద్రస్థానమా, లేక ఆ సమూహాన్ని మరోసారి రాక్షసులుగా చూపడమా? రెండూ కావచ్చు, ఒకే సినిమాలో రెండూ కలిసి ఉండవచ్చు. ఈ చిక్కును విప్పడానికి నాకు ఉపయోగపడిన ప్రశ్నలు రెండు. ఈ కథ ఎవరి భయం మీద నడుస్తోంది? ఆ భయాన్ని తెరమీద ఉంచాలా తీసేయాలా అని నిర్ణయించే కత్తెర ఎవరి చేతిలో ఉంది?

మొదటి ప్రశ్నకు మూలం 1897లో వెలువడిన బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'లోనే ఉంది. తూర్పు ఐరోపా నుంచి ఒక ప్రభువు తన సొంత నేల మట్టితో నింపిన 50 పెట్టెలతో ఓడెక్కి ఇంగ్లాండు చేరతాడు, లండన్ సమీపంలో ఆస్తి కొంటాడు, అక్కడి స్త్రీల రక్తం తాగి వారిని తనవారిగా మార్చుకుంటాడు. నవల మొదలయ్యేదే ఆ ఆస్తి కొనుగోలు కాగితాలు పట్టుకుని బయలుదేరిన ఒక యువ న్యాయవాద ఉద్యోగి ప్రయాణంతో. బయటివాడు వచ్చి మన మధ్య స్థిరపడిపోతాడేమో, మన రక్తాన్ని కలుషితం చేస్తాడేమో అన్న ఆనాటి బ్రిటిష్ ఆందోళన ఈ కథకు ఇంధనం అని విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు' ఆ నవలను అనుమతి లేకుండా తెరకెక్కించి, స్టోకర్ భార్య వేసిన దావాలో ఓడిపోయింది. అందులోని కౌంట్ ఓర్లాక్ వంకర ముక్కు, ఎలుక పళ్లు, అతని వెంట వచ్చే ఎలుకలూ మహమ్మారీ ఆనాటి యూదు వ్యతిరేక వ్యంగ్యచిత్రాలను గుర్తుచేస్తాయన్న విమర్శ గట్టిదే. అదే సమయంలో ఆ సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన హెన్రిక్ గాలీన్ యూదుడు. తెర వెనుక ఆ వర్గం మనిషి ఉన్నంతమాత్రాన తెరమీది బొమ్మ అచ్చులోంచి బయటపడదని ఇంత తొలినాళ్లలోనే రుజువైంది.

1931లో యూనివర్సల్ సంస్థ తీసిన 'డ్రాకులా'లో బేలా లుగోసీ హంగేరియన్ యాసే భయానికి సగం కారణం. ఆ తర్వాత ఆ యాస ఆయనను వదల్లేదు, ఆయనకు వేరే రకం పాత్రలు రానివ్వనూ లేదు. పగలు ఆంగ్ల చిత్రం తీసిన సెట్ల మీదే రాత్రిపూట, చాలా తక్కువ ఖర్చుతో, స్పానిష్ ప్రేక్షకుల కోసం మరో యూనిట్ అదే కథను తీసింది. స్పెయిన్‌కు చెందిన కార్లోస్ విల్లారియాస్, మెక్సికోకు చెందిన లుపితా తోవర్, అర్జెంటీనాకు చెందిన బారీ నోర్టన్ అందులో తమ తమ యాసల్లోనే మాట్లాడారు. మార్కెట్ అవసరం కోసం పుట్టిన ఆ సినిమాను ఈనాడు చూస్తే కెమెరా కదలికలోనూ తెగువలోనూ పగటి సినిమా కన్నా మెరుగ్గా ఉందనేవారు చాలామంది, వారిలో నేనూ ఒకణ్ణి.

ఇక్కడ ఒక మాట గురించి కాస్త పక్కకు వెళ్లక తప్పదు. తెలుగు సినిమా పత్రికలు దశాబ్దాలపాటు 'వ్యాంప్ పాత్ర' అని రాస్తూ వచ్చాయి, మగవాళ్లను వలలో వేసుకునే ఆడది అన్న అర్థంలో. ఆ మాట వ్యాంపైర్ నుంచి వచ్చిందే. 1915లో వచ్చిన ఒక అమెరికన్ మూకీ చిత్రంలో థీడా బారా పోషించిన పాత్ర ఆ మాటకు ప్రపంచమంతా ప్రచారం తెచ్చింది. ఆమె సిన్సినాటిలో పుట్టిన యూదు కుటుంబపు అమ్మాయి, అసలు పేరు థియోడోసియా గుడ్‌మన్. స్టూడియో మాత్రం ఆమె ఈజిప్టు ఎడారిలో పుట్టిందని కథ అల్లి అమ్ముకుంది. కోరలు కూడా లేని ఆ రక్తపిశాచిలో రెండు భయాలు కలగలిశాయి: పరాయి దేశం, ఆడదాని కోరిక.

ఆ రెండో భయం మీద తక్కువ బడ్జెట్ సినిమా చాలా సంపాదించుకుంది. స్త్రీని ప్రేమించే స్త్రీ రక్తపిశాచి సాహిత్యంలో డ్రాకులా కన్నా పాతది. లె ఫాను రాసిన 'కార్మిల్లా' 1872 నాటిది. 1936లో 'డ్రాకులాస్ డాటర్' తీసినప్పుడు అమెరికాలోని సెన్సార్ విభాగం ఆ ఛాయలేవీ కనిపించకూడదని పట్టుబట్టింది, అయినా అవి కనిపించాయి. 1970 నాటికి బ్రిటన్‌లో పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ వయసును 16 నుంచి 18కి పెంచడంతో భయానక చిత్రాలు తీసే హామర్ సంస్థకు వెసులుబాటు దొరికింది, ఇంగ్రిడ్ పిట్ కథానాయికగా 'ది వ్యాంపైర్ లవర్స్' వచ్చింది. సెన్సార్ అభ్యంతరాలకు నిర్మాతల సమాధానం సిద్ధంగానే ఉంది: ఇది మేం కల్పించింది కాదు, మూలకథలోనే ఉంది. అలా స్త్రీల మధ్య ప్రేమ తెరమీదికి వచ్చింది. వచ్చిన తీరు మాత్రం ఎదురుగా కూర్చున్న మగ ప్రేక్షకుడి కళ్లకోసమే, ముగింపు తండ్రులూ సైనికాధికారులూ కలిసి ఆమె తల నరకడమే. కనిపించడాన్నే ప్రాతినిధ్యం అనుకుంటే ఇది విజయం. ఎవరి భయం అని అడిగితే, ఇంట్లోని ఆడపిల్లలు తమ చేతి నుంచి జారిపోతారేమోనన్న తండ్రుల భయం.

మరుసటి ఏడాదే చవక సినిమాల నిర్మాత రోజర్ కోర్మన్‌కు చెందిన న్యూ వరల్డ్ సంస్థ కోసం స్టెఫనీ రోత్‌మన్ 'ది వెల్వెట్ వ్యాంపైర్' తీశారు. నగ్నత్వం ఉండాలి, రక్తం ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి అన్న షరతులు ఆమెకూ ఉన్నాయి. ఆ షరతుల్లోపలే ఆమె చూపు దిశను తిప్పేశారు: ఎడారిలోని ఇంటికి అతిథులుగా వచ్చిన జంట పడకగదిని రక్తపిశాచి డయాన్ ఒకవైపు నుంచి మాత్రమే అవతలికి కనిపించే అద్దం వెనుక కూర్చుని చూస్తూ ఉంటుంది. తెరమీద శరీరాలను చూడటానికి వచ్చిన ప్రేక్షకుడికి, చూసే స్థానంలో అప్పటికే ఒక స్త్రీ ఉందని తెలుస్తుంది. ఆనాటి అమెరికాలో పెద్ద స్టూడియోలు మహిళలకు దర్శకత్వం అప్పగించడం దాదాపు లేనేలేదు. రోత్‌మన్‌కు తలుపు తెరిచింది ఈ చవక సినిమాయే. అక్కడి నుంచి పెద్ద సినిమాకు వెళ్లే దారి మాత్రం ఆమెకు ఎన్నడూ తెరుచుకోలేదు. తక్కువ బడ్జెట్ ఇచ్చే స్వేచ్ఛ గురించి గొప్పగా మాట్లాడే ముందు ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ముఖం ఒక్కటి మారితే కథ ఎంత మారుతుందో చూపడానికి, రక్తపిశాచి సినిమా కాకపోయినా, 1968 నాటి 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' దగ్గర ఆగాలి. జార్జ్ రొమెరో సుమారు 1,14,000 డాలర్లతో తీసిన ఆ సినిమాకు ప్రేరణ రిచర్డ్ మాథెసన్ రాసిన రక్తపిశాచి నవలే. కథానాయకుడి జాతి స్క్రిప్టులో లేదు. ఆడిషన్‌లో అందరికన్నా బాగా చేశాడని డ్వేన్ జోన్స్‌ను తీసుకున్నామని రొమెరో చెబుతూ ఉండేవారు. కానీ రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లజాతి యువకుడిని తెల్లవారాక తుపాకులు పట్టుకుని వచ్చిన తెల్లవాళ్ల గుంపు కాల్చి చంపి, శవాన్ని కొక్కేలతో ఈడ్చి మంటల్లో వేసే ముగింపును 1968 అమెరికాలో ఎవరూ జాతిరహితంగా చూడలేకపోయారు. ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ముఖం తన చరిత్రను వెంట తెచ్చుకుంటుంది.

నాలుగేళ్ల తర్వాత వచ్చిన 'బ్లాక్యులా'లో ఆ చరిత్రను కావాలనే తెచ్చారు. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అనే చవక సినిమాల సంస్థకు కావలసింది నల్లజాతి ప్రేక్షకుల టిక్కెట్లు; పేరులోనే ఆ వ్యాపారం వినిపిస్తుంది. దర్శకుడు విలియం క్రెయిన్ నల్లజాతీయుడు. ప్రధానపాత్రధారి విలియం మార్షల్ షేక్‌స్పియర్ నాటకాల్లో పేరుమోసిన రంగస్థల నటుడు, పాత్రకు గౌరవం ఉండాలని పట్టుబట్టినవాడు. అలా పుట్టినదే 1780లో జరిగే ఆ తొలి ఘట్టం. ఆఫ్రికా రాజకుమారుడు మామువాల్డే తన భార్య లూవాతో కలిసి ట్రాన్సిల్వేనియాలో డ్రాకులా విందుకు హాజరవుతాడు, బానిస వ్యాపారాన్ని ఆపడానికి ఐరోపాలో మద్దతు కూడగట్టమని కోరతాడు. డ్రాకులా నవ్వుతాడు, బానిసత్వంలో తప్పేమీ కనిపించడం లేదంటాడు, ఎదుట కూర్చున్న రాజకుమార్తెకు వెల కట్టినట్లు మాట్లాడతాడు. తర్వాత కాటు వేసి, శవపేటికలో బంధిస్తూ, ఇకమీదట నీ పేరు బ్లాక్యులా అని శపిస్తాడు. అసలు పేరు తీసేసి యజమాని పేరులోంచి ముక్క తగిలించడం బానిసలకు జరిగిన పనే. సినిమా మొత్తం మీద అతను తనను తాను మామువాల్డే అనే పరిచయం చేసుకుంటాడు; పోస్టరు మీది పేరు అతనికి శత్రువు పెట్టిన పేరు. చవక వ్యాపారం కోసం పుట్టిన శీర్షికను కథ లోపల అభియోగపత్రంగా మార్చడం నాకు ఈ రకం సినిమాల చరిత్రలోనే అరుదైన పనిగా తోస్తుంది. పైగా అతన్ని వేటాడే వైద్యుడూ నల్లజాతీయుడే కావడంతో, రాక్షసుడు ఒక్కడే జాతికంతటికీ ప్రతినిధి అయ్యే ప్రమాదం తప్పింది.

అదే సినిమాలో ఆ శవపేటికను అమెరికాకు తెచ్చేది ఎవరు? ఇంటి అలంకరణ వృత్తిలో ఉన్న ఇద్దరు పురుషులు, ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి, ప్రేమికుల జంట. డ్రాకులా కోటలోని సామాను వేలంలో కొన్నట్లు కొనుక్కుని వస్తారు, పేటిక తెరుస్తారు, అందరికన్నా ముందు చనిపోతారు. వారి చేతి కదలికలూ మాటతీరూ నవ్వించడానికే ఉన్నాయి. వారి గురించి మిగతా పాత్రలు వాడే మాట తిట్టు. ఒక సమూహానికి గౌరవం తెచ్చిన చేతులే మరో సమూహాన్ని హాస్యపు సరుకుగా వాడుకున్నాయి. ఈ సినిమాను ప్రగతిశీలమని ఒక్కమాటలో మెచ్చుకోవడం, తిరోగామి అని ఒక్కమాటలో కొట్టిపారేయడం రెండూ సోమరితనమే.

'బ్లాక్యులా' డబ్బు చేసుకోవడం చూసి మరో సంస్థ అలాంటిదే ఒకటి కావాలని నాటకకర్త, నటుడు బిల్ గన్‌ను అడిగింది. చేతికిచ్చింది సుమారు 3,50,000 డాలర్లు. ఆయన 1973లో తెచ్చినది 'గాంజా అండ్ హెస్', వారడిగిన దానితో దాదాపు ఏ పోలికా లేనిది. ప్రాచీన ఆఫ్రికన్ నాగరికతను పరిశోధించే సంపన్న మానవశాస్త్రవేత్త హెస్ గ్రీన్ పురాతన కత్తి పోటుతో మరణం లేనివాడవుతాడు. ఆ పాత్రలో మళ్లీ డ్వేన్ జోన్స్. కోరలు లేవు, గబ్బిలాలు లేవు, పగటివెలుగంటే భయం లేదు. గ్లాసులో పోసుకుని తాగే రక్తం ఉంది, దానికోసం పేదల వాడకు వెళ్లే ఖరీదైన కారు ఉంది, ఆదివారం ప్రార్థనలో పాటపాడే చర్చి ఉంది. అతని అవసరం వ్యసనంలా కనిపిస్తుంది, అతని వేట వర్గభేదంలా కనిపిస్తుంది: నల్లజాతి ధనవంతుడు నల్లజాతి పేదల రక్తం మీద బతుకుతున్నాడు. తెల్లవారి భయానికి ఇక్కడ పనే లేదు. ఒక సమాజం తన లోపలి సంగతులు తనతోనే మాట్లాడుకుంటున్నప్పుడు మనం పక్కన కూర్చుని విన్నట్లుంటుంది.

అందులో మార్లీన్ క్లార్క్ పోషించిన గాంజా ఒకచోట తన చిన్నతనం చెబుతుంది. బయట మంచుతో ఆడుకుని వచ్చిన కూతురిని తల్లి నమ్మదు, చెడ్డపని చేసి వచ్చిందని నిందిస్తుంది. ఆ రోజే, ఏమైనా సరే గాంజాను చూసుకునేది గాంజాయేనని ఆ పిల్ల నిశ్చయించుకుంటుంది. కెమెరా ఆ ముఖాన్ని వదలదు. మెరుపులు లేవు, సంగీతం ముంచుకురాదు. చివర్లో హెస్ శిలువ నీడలో చావును ఎంచుకుంటాడు, గాంజా బతకడాన్ని ఎంచుకుంటుంది, ఎంచుకున్నందుకు సినిమా ఆమెను శిక్షించదు. భయానక చిత్రాల్లో నల్లజాతి స్త్రీకి ఆనాటికి ఇంతటి లోపలి జీవితం ఎక్కడా దొరకలేదనే నా నమ్మకం.

ప్రాతినిధ్యం కథలోనే కాక సాంకేతికతలోనూ ఉంటుంది, దాన్ని చర్చలు తరచుగా మరిచిపోతాయి. రక్తపిశాచి పాలిపోయి ఉండాలన్న నియమం తెల్లచర్మాన్ని ప్రమాణంగా పెట్టుకున్నది. రక్తం లేదని చూపడానికి మొహానికి తెల్లపొడి అద్దితే సరిపోతుందనుకున్న మేకప్ విధానం నల్లని చర్మం ముందు చేతులెత్తేసింది. 'బ్లాక్యులా'లో కాటుకు గురైనవారికి బూడిదరంగు పూత పూశారు, మామువాల్డేకు ఆకలి వేసినప్పుడు చెంపల మీద దట్టంగా వెంట్రుకలు మొలిపించారు. రెండూ సమస్యను దాటడానికి వెతుక్కున్న అడ్డదారులే. కలర్ ఫిల్మ్ రంగుల సమతుల్యతను కూడా ఎన్నో ఏళ్లు తెల్లజాతి యువతి ఫోటో ఉన్న నమూనా కార్డుతో సరిచూసేవారు. చీకటి వీధిలో ఒకటి రెండు లైట్లతో రాత్రి సన్నివేశం తీసే యూనిట్‌కు ఆ పక్షపాతం నేరుగా తగిలేది: తెల్లనటుడి ముఖం వెలుగుతుంది, నల్లనటుడి కళ్లూ పళ్లూ మాత్రమే మిగులుతాయి. వెలుతురు తక్కువైనా పట్టుకోగల డిజిటల్ కెమెరాలు వచ్చాక ఈ ఇబ్బంది చాలా తగ్గింది. చవకదనాన్నే భాషగా మార్చుకున్నవారూ ఉన్నారు. 1994లో 'నాద్యా' తీసిన మైకేల్ ఆల్మెరేడా, ఆడియో క్యాసెట్ మీద బొమ్మను రికార్డు చేసే పిల్లల ఆటబొమ్మ కెమెరాతో కొన్ని ఘట్టాలు చిత్రించారు. న్యూయార్క్‌లో తిరిగే రొమేనియన్ వలస యువతి లోకాన్ని చూసే తీరు ఆ గరుకు చుక్కల్లో కనిపిస్తుంది.

ఈ మొత్తం చర్చ అమెరికా, బ్రిటన్ల చుట్టూనే తిరిగితే అది కూడా ఒక రకం ప్రాతినిధ్య లోపమే. 1957లో సింగపూర్‌లో వచ్చిన మలయ్ చిత్రం 'పోంటియానక్'ను తీసినవాడు భారతదేశం నుంచి వెళ్లిన బి.ఎన్. రావు, డబ్బు పెట్టినది చైనీయుల నిర్వహణలోని కాథే-కెరిస్ స్టూడియో, కథానాయిక ఇండోనేషియాలో పుట్టిన మరియా మెనాడో. పోంటియానక్ అనే అక్కడి రక్తపిశాచి ప్రభువు కాదు, జానపద కథల ప్రకారం ప్రసవంలో చనిపోయిన స్త్రీ. మెడ వెనుక మేకు దింపితే ఆమె అందమైన, అణకువైన భార్యగా మారిపోతుందన్నది అక్కడి జానపద నమ్మకం, మేకు ఊడితే మళ్లీ మొదటికొస్తుంది. ఇందులో ఎవరి భయం ఉందో విడమరచి చెప్పనక్కరలేదు. విపరీతంగా ఆడిన ఆ సినిమా ప్రింటు ఒక్కటి కూడా నేడు మిగల్లేదు. 1967లో లాహోర్‌లో తయారైన 'జిందా లాశ్'లో, రక్తపిశాచిని తరిమే శిలువ ముస్లిం ప్రేక్షకుల దగ్గర పనికిరాదు కనుక, శాపం స్థానంలో అమరత్వం కోసం ఒక ప్రొఫెసర్ తయారుచేసిన ఔషధం వచ్చింది, అంతం చేసే పని సూర్యకాంతికి అప్పగించారు. హాంకాంగ్‌లో 1985 నాటి 'మిస్టర్ వ్యాంపైర్'లో గెంతుతూ వచ్చే శవం ఒంటిమీద ఒకప్పుడు చైనాను ఏలిన చింగ్ వంశపు అధికారి దుస్తులు ఉంటాయి. ఎవరి రాక్షసుడు వారి చరిత్ర తొడుక్కుని వస్తాడు.

వలస వెళ్లినవారి పిల్లలు కెమెరా పట్టుకున్నాక ఈ దుస్తుల వ్యవహారం మరింత ఆసక్తికరంగా మారింది. ఇరాన్ తల్లిదండ్రులకు ఇంగ్లాండులో పుట్టి అమెరికాలో పెరిగిన అనా లిలీ అమీర్‌పూర్, ఇండిగోగోలో జనం నుంచి 55 వేల డాలర్లకు పైగా పోగుచేసుకుని, మరికొంత పెట్టుబడి జతచేసి, 2014లో 'ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్' విడుదల చేశారు. నలుపు తెలుపు చిత్రం, భాష పూర్తిగా ఫార్సీ, చిత్రించినది కాలిఫోర్నియాలోని టాఫ్ట్ అనే చమురు పట్టణంలో. ఒకసారి చాదర్ (ఇరాన్ స్త్రీలు తల నుంచి పాదాల దాకా కప్పుకునే వస్త్రం) కప్పుకున్నప్పుడు గబ్బిలంలా అనిపించిందని, సినిమా అక్కడే పుట్టిందని ఆమె చెప్పారు. షీలా వాండ్ పోషించిన ఆ పేరులేని అమ్మాయి స్కేట్‌బోర్డు మీద నడివీధిన జారిపోతుంటే చాదర్ వెనక రెక్కల్లా విచ్చుకుంటుంది. పాశ్చాత్య ప్రేక్షకుడు అణచివేతకు గుర్తుగా చదవడానికి అలవాటుపడ్డ వస్త్రం, డ్రాకులా అంగీ చేసిన పనినే చేస్తుంది. రాత్రివేళ ఒంటరిగా ఇంటికి నడిచే అమ్మాయిని చూసి ఇక్కడ భయపడవలసింది స్త్రీలను పీడించే మగవాళ్లు.

ఒక ఘట్టం చెప్పాలి. అరాష్ అనే యువకుడు వేషాల విందు నుంచి మత్తులో దారి తప్పి, వీధిదీపం కింద నిలబడి దాన్నే చూస్తూ ఉంటాడు. అతని ఒంటిమీద డ్రాకులా వేషం. ఎదురుగా చాదర్‌లో అసలైన రక్తపిశాచి వచ్చి ఆగుతుంది. అద్దెకు తెచ్చినట్లున్న అంగీ, పెట్టుడు కోరలు ఉన్నవాడిలో అపాయం లేదు. ఏ వేషమూ వేయనిదానిలో ఉంది. చివరికి ఆమె అతన్ని స్కేట్‌బోర్డు మీద ఎక్కించి ఇంటికి తీసుకుపోతుంది. తొంభై ఏళ్ల సినిమా సంప్రదాయాన్ని ఒక వీధిదీపం ఖర్చుతో తలకిందులు చేసిన ఘట్టం అది. అయితే దీన్ని ఇరాన్ ప్రాతినిధ్యం అనడం పొరపాటు. ఆ పట్టణం టెహ్రాన్ కాదు, ఆ ఫార్సీ ప్రవాసుల ఇళ్లలోని ఫార్సీ, సినిమా ప్రాతినిధ్యం వహించేది రెండు దేశాల మధ్య పెరిగిన తరానికి. అలా చూస్తేనే దాని నిజాయితీ తెలుస్తుంది.

అన్నీ ఇంత శుభ్రంగా కుదరవు. 2016లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో చూపిన 'ది ట్రాన్స్‌ఫిగరేషన్'లో న్యూయార్క్ ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగే నల్లజాతి బాలుడు మైలో తనను రక్తపిశాచిగా భావించుకుంటాడు, మనుషులను చంపుతాడు. దర్శకుడు మైకేల్ ఒషే తెల్లజాతీయుడు. అనాథైన పిల్లవాడి దుఃఖాన్ని సినిమా ఎంతో మృదువుగా పట్టుకుంటుంది. అదే సమయంలో, నల్లజాతి యువకుడంటే ప్రమాదమనే పాత అనుమానానికి కొత్త రుజువు అందించే వీలును పూర్తిగా మూయదు. ఎరిక్ రఫిన్ నటన ఆ వీలును చాలావరకు మూస్తుందని నా అభిప్రాయం, కానీ అభ్యంతరం చెప్పినవారిని తప్పుపట్టలేను. 2019 నాటి 'బిట్'లో ట్రాన్స్‌జెండర్ యువతి పాత్రను ట్రాన్స్‌జెండర్ నటి నికోల్ మెయిన్స్ పోషించారు. లాస్ ఏంజిలస్‌లోని ఆడ రక్తపిశాచుల గుంపు, మగవాడిని ఎవరినీ తమలో కలుపుకోకూడదన్న నియమమున్న గుంపు, ఆమెను మారుమాట లేకుండా తమలో ఒకతెగా చేర్చుకుంటుంది. పాత్ర గతాన్ని వివరించే ఉపన్యాసం ఎక్కడా లేదు. ఆ మౌనం కొందరికి ఎగవేతగా కనిపించింది, నాకది ఊరటగా అనిపించింది. రెండేళ్లు వెనక్కి ముందుకి చూస్తే ఇలాంటివి ఇంకా కనిపిస్తాయి. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'వ్యాంపైర్స్ వర్సెస్ ద బ్రాంక్స్' అయితే స్టోకర్ కథను ఇళ్ల దస్తావేజులతో సహా తిరగేసింది: వలస కుటుంబాల పేటలో భవనాలు కొనేస్తున్న తెల్లజాతి రక్తపిశాచులు, వారిని ఎదిరించే స్థానిక పిల్లలు. ఆ స్థిరాస్తి సంస్థ పేరు మూర్నౌ ప్రాపర్టీస్.

ఇక కత్తెర సంగతి. 'గాంజా అండ్ హెస్' 1973లోనే కాన్‌లో విమర్శకుల వారోత్సవంలో ప్రదర్శన పొందింది. స్వదేశంలో కొద్దిరోజులు ఆడాక నిర్మాతలు దాన్ని వెనక్కి తీసుకుని, అరగంటకు పైగా కోసి, తిరగ కూర్చి, 'బ్లడ్ కపుల్' అనీ మరికొన్ని పేర్లతోనూ చవక థియేటర్లకు పంపారు. గన్ తన పేరు తీసేయించుకున్నారు. అంతకుముందే, తెల్లజాతి విమర్శకులు నల్లజాతి కళాకారుడి పనిని చూసే తీరును నిలదీస్తూ న్యూయార్క్ టైమ్స్‌కు లేఖ రాశారు. తలల లెక్క ప్రకారం ఆ సినిమాకు నూటికి నూరు మార్కులు పడాలి: రాసినవాడు, తీసినవాడు, నటించినవారు అందరూ నల్లజాతివారే. కానీ నెగెటివ్ మీద హక్కు వారిది కాదు, కనుక తెరమీద ఏది మిగలాలో నిర్ణయించినదీ వారు కాదు. ఆయన అసలు కూర్పు మనకు దక్కడానికి కారణం, దాని ప్రింటు ఒకటి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో భద్రంగా ఉండటం. 1989లో ఆయన చనిపోయేనాటికి ఆ పూర్తి చిత్రాన్ని చూసినవారు కొద్దిమందే.

అదే కథను నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ 2014లో మళ్లీ తీసినప్పుడు ఏ స్టూడియో గడపా తొక్కకుండా కిక్‌స్టార్టర్‌లో జనం నుంచి 14 లక్షల డాలర్లు సేకరించి, 16 రోజుల్లో చిత్రీకరణ ముగించారు. సినిమాగా అది గన్ చిత్రానికి దరిదాపుల్లోకి రాదు, కానీ దాన్ని ఎవరూ కోయలేకపోయారు. 2025లో రయన్ కూగ్లర్ 1932 నాటి మిసిసిప్పి నేపథ్యంలో తీసిన రక్తపిశాచి చిత్రం 'సిన్నర్స్' తక్కువ బడ్జెట్‌ది కానేకాదు, అయినా ఈ చర్చలో దాని చోటు దాని ఒప్పందం వల్ల వచ్చింది. తుది కూర్పు దర్శకుడిదే. వార్నర్ బ్రదర్స్ దగ్గర ఉండే యాజమాన్య హక్కులు 25 ఏళ్ల తర్వాత, అంటే 2050లో, ఆయనకే తిరిగి వస్తాయి.